కణం తన పని మరిచిపోవడం అంటే ఏమిటి? ముక్కు పక్కన నల్లమిట్ట, పాత కాలిన మచ్చ మీద పుండు

ప్రశ్న ఇది. అనంతపురం జిల్లాలో నలభై ఏళ్ళు శెనక్కాయ చేలో పనిచేసిన నాయనకు ముక్కు పక్కన నల్లని మిట్ట లేచింది. రెండేళ్ళుగా పక్కు కట్టడం, ఊడడం, రక్తం చెమ్మగిల్లడం. ముక్క తీసి పంపితే బేసల్ సెల్ కార్సినోమా అని, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్ అని, రిపోర్టు వచ్చింది. డాక్టరు ‘చర్మకణాలు తామెవరో మరిచిపోయాయి’ అన్నారు. అదెట్లా జరుగుతుంది, నల్లచర్మం ఉన్న మనకు ఎందుకొచ్చింది అని అడిగారు. చివర్లో ఇంకో మాట: అమ్మకు చిన్నప్పుడు కాలిన కాలి మచ్చ మీద ఏడాదిగా పుండు మానడం లేదు, అదీ ఇట్లాంటిదేనా?

చివర అడిగినదానికే ముందు జవాబు చెబుతాను, తొందర దానికే ఉంది కాబట్టి. నాయనగారి మిట్టకు పేరు తేలింది. అది నిదానంగా పెరిగే రకం, వేరే అవయవాలకు పాకడం చాలా అరుదు. కొన్ని వారాల్లో పద్ధతిగా ఆపరేషన్ చేయించుకోవచ్చు. అమ్మగారి పుండుకు ఇంకా పేరే తేలలేదు. పాత కాలిన మచ్చ మీద పడిన పుండు మూడు నెలలు దాటాక కూడా మానకపోయినా, అంచులు లేచి గట్టిపడినా, ముట్టుకుంటే రక్తం కారినా, చెడు వాసన వచ్చినా అది కట్టు మారుస్తూ కూర్చునే పుండు కాదు. ఈ వారమే ముక్క తీయించాలి. మచ్చ మీద పుట్టే ఈ క్యాన్సర్‌ను మార్జోలిన్ పుండు అంటారు. 1828లో ఇట్లాంటి పుళ్ళను వర్ణించిన ఫ్రెంచి సర్జన్ పేరు అది. కాలిన రోజుకూ క్యాన్సర్ బయటపడిన రోజుకూ మధ్య సగటున 30 ఏళ్ళు గడుస్తాయి. ‘ఎప్పుడో చిన్నప్పుడు కాలింది కదా’ అనుకోవడం అందుకే ప్రమాదం. షుగరు పుండని, నరాల పుండని మందు పూస్తూ ఏడాది గడపడం మన దగ్గర మామూలుగా జరిగే తప్పు. ఎండ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్ల కంటే ఇది గజ్జల్లో బిళ్ళలకు పాకే అవకాశం ఎక్కువ. ముక్క తీసేటప్పుడే గజ్జల్లో చెయ్యి పెట్టి చూడమని డాక్టరును అడగండి.

ఇప్పుడు ‘మరిచిపోవడం’ సంగతి.

చర్మం పైపొరలో అట్టడుగున ఒకే వరుసగా కణాలుంటాయి. వీటినే బేసల్ కణాలంటారు. విభజన జరిగేది ప్రధానంగా ఇక్కడే. ఈ కణాలు కింది పొరకు మేకులు కొట్టినట్టు అతుక్కుని ఉంటాయి. లోపల కెరాటిన్ 5, కెరాటిన్ 14 అనే పోగులు నేసుకుంటాయి. ఒక కణం ఆ మేకులు వదిలి పైకి కదిలిందంటే విభజన ఆపేయాలి. కెరాటిన్ 5, 14 మాని 1, 10 తయారుచేయాలి, గట్టిపడాలి, చివరికి చచ్చి పొట్టుగా రాలాలి. అడుగున పుట్టి పైన రాలడానికి సుమారు నాలుగు వారాలు, వయసు మీద పడితే ఇంకా ఎక్కువ. ‘పైకి వెళ్ళు, విభజన ఆపు’ అనే ఆజ్ఞను మోసే దారుల్లో ముఖ్యమైనది నాచ్. పక్కపక్క కణాలు ఒకదాన్నొకటి తాకినప్పుడే అది పనిచేస్తుంది. అడుగు వరుసను అడుగు వరుసగా నిలిపేది పి63 అనే ప్రోటీన్. ఈ రెండు పేర్లు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాయి.

అడుగు కణంలోనూ వెంట్రుక కుదురు కణంలోనూ లివరు కణంలోనూ ఉన్న డీఎన్ఏ ఒక్కటే. రెండు మీటర్ల దారం, సుమారు 20 వేల జన్యువులు. తేడా ఎక్కడంటే, ఆ దారంలో ఏ భాగం విప్పి ఉంది, ఏ భాగం చుట్టి కట్టేసి ఉంది అన్నదాంట్లో. కణానికి గుర్తింపు అంటే ఇదే. అది పుట్టుకతో చెక్కిన శిలాశాసనం కాదు, ప్రతిరోజూ కొన్ని ప్రోటీన్లు కూర్చుని కాపలా కాస్తే నిలిచేది. కాపలా మారితే గుర్తింపూ మారుతుందని 2006లో జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనకా చూపించారు. ఎలుక ఫైబ్రోబ్లాస్టులు అనే కణాల్లోకి నాలుగే నాలుగు ప్రోటీన్ల జన్యువులు పంపితే అవి పిండదశ కణాల్లాగా మారిపోయాయి. మరుసటి ఏడాది మనిషి చర్మం నుంచి తీసిన ఫైబ్రోబ్లాస్టులతోనూ అది కుదిరింది. 2012లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ నాలుగింటిలో ఒకటైన సి-మిక్ చాలా క్యాన్సర్లలో అతిగా పనిచేసే జన్యువే. కణం గుర్తింపుకూ క్యాన్సర్‌కూ మధ్య దారి ఎంత దగ్గరో దీన్నిబట్టే తెలుస్తుంది.

ముక్కు పక్క మిట్టకు నేరుగా సంబంధించిన ప్రయోగం ఇంకొకటి ఉంది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో ఎలైన్ ఫుక్స్ బృందం 2023లో ప్రచురించింది. సాక్స్9 అనే ప్రోటీన్ మామూలుగా వెంట్రుక కుదురు మూలకణాల్లో ఉంటుంది, పైచర్మం అడుగు కణాల్లో ఉండదు. పెద్ద వయసు ఎలుకల పైచర్మంలో దాన్ని కావాలని ఆన్ చేశారు. వారాలు గడిచేకొద్దీ కణాలు చర్మం పని మాని వెంట్రుక కుదురు పని ఎత్తుకున్నాయి. ఇంకా కొనసాగిస్తే బేసల్ సెల్ కార్సినోమాను పోలిన గడ్డలయ్యాయి. ఎట్లా జరిగిందన్నదే ఇందులో అసలు విషయం. చుట్టి కట్టేసిన డీఎన్ఏలోకి కూడా సాక్స్9 దూరగలదు. దూరిన చోటికి జన్యువులను తెరిచే యంత్రాంగాన్ని, ముఖ్యంగా ఎంఎల్ఎల్3, ఎంఎల్ఎల్4 అనే ఎంజైములను, పిలుచుకుంటుంది. ఆ యంత్రాంగం కణంలో లెక్కగానే ఉంటుంది.

అనంతపురం రైతుకు ఇది బోరు లెక్క. భూమి కింద నీళ్ళు అవే. పక్క చేన్లో కొత్త బోరు దిగి గట్టిగా లాగితే, మన బోరును ఎవరూ పూడ్చకుండానే ఎండిపోతుంది. సాక్స్9 చర్మం జన్యువుల జోలికి నేరుగా పోకపోయినా, తెరిచే ఎంజైములు వెంట్రుక జన్యువుల వైపు మళ్ళాయి. ఇక్కడ చర్మం జన్యువులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ‘మరిచిపోవడం’ అని మీ డాక్టరు అన్న మాట వెనుక ఉన్నది ఇదే. కణం పాత పనిని ఊరికే పోగొట్టుకోలేదు, కొత్త పని లాగేసుకుంది.

మనుషుల్లో ఈ స్విచ్ పడే దారి హెడ్జ్‌హాగ్ అనే సంకేతం. దానికి బ్రేకు పీటీసీహెచ్1 అనే జన్యువు. బ్రేకు రెండు కాపీలూ పాడైతే స్మూదెన్డ్ అనే ప్రోటీన్ ఆగకుండా పనిచేస్తుంది, గ్లి ప్రోటీన్లు కేంద్రకంలోకి వెళ్తాయి, సాక్స్9 కూడా పెరుగుతుంది. ఒక కాపీ చెడి పుట్టినవాళ్ళకు గోర్లిన్ సిండ్రోమ్ వస్తుంది, చిన్న వయసులోనే ఇట్లాంటి మిట్టలు పదుల సంఖ్యలో లేస్తాయి. మిగతావాళ్ళకు రెండు కాపీలూ జీవితకాలంలో చెడాలి, అందుకే ఇది పెద్దవయసు జబ్బు. మైక్రోస్కోపులో బేసల్ సెల్ గడ్డ చూస్తే గుంపుల అంచున కణాలు కంచె కర్రల్లా వరుసగా నిలబడి ఉంటాయి. అది గర్భంలో వెంట్రుక కుదురు మొలిచేటప్పటి రూపు. రిపోర్టులో ‘పాలిసేడింగ్’ అని రాసేది దాన్నే.

ఇక ఎండ. చర్మానికి ఎక్కువ దెబ్బ కొట్టేది 280 నుంచి 315 నానోమీటర్ల యూవీ-బి. డీఎన్ఏలో పక్కపక్కన ఉన్న సి, టి అక్షరాలను అది ఒకదానికొకటి అతికించేస్తుంది. అతుకును కోసి సరిచేసే యంత్రాంగం ప్రతి కణంలోనూ ఉంది. పని జరిగేలోపు కణం విభజన చెందితే సి ఉన్నచోట టి పడుతుంది. ఎండ వేలిముద్ర అంటే ఇదే. సరిచేసే యంత్రాంగమే పుట్టుకతో లేనివాళ్ళకు జిరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే జబ్బు ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడిన కాపీలు అందితేనే ఇది వస్తుంది కాబట్టి మేనరికాలున్న మన సీమలో దీన్ని తెలుసుకుని ఉండాలి. ఏడాది రెండేళ్ళ బిడ్డకు ఎండ తగిలిన ముఖమంతా నల్లచుక్కలు పడితే, వెలుతురు చూడలేకపోతే చర్మం డాక్టరుకు చూపించండి. అట్లాంటి బిడ్డలకు పదేళ్ళు నిండకముందే క్యాన్సర్ రావచ్చు.

మన నలుపు కాపాడుతుంది, నిజమే. 1979లో చేసిన కొలతల్లో నల్లజాతి వారి పైచర్మం సుమారు 13 ఎస్‌పీఎఫ్‌తో (ఎండ క్రీముల బలాన్ని కొలిచే అంకె) సమానంగా, తెల్లవారిది 3 చిల్లరగా తేలింది. కానీ 13 అంటే ఎండ దెబ్బ సున్నా అని కాదు. 14, 15 డిగ్రీల అక్షాంశం మీద ఏడాదిలో రెండుసార్లు సూర్యుడు నడినెత్తికి వచ్చే చోట, నీడ లేని చేలో నలభై ఏళ్ళు. బేతంచెర్ల నాపరాయి గనుల్లో పనిచేసేవాళ్ళదీ ఇదే పరిస్థితి. ముక్కు, చెవి పైఅంచు, కింది పెదవి, మెడ వెనుక ఎక్కువ దెబ్బ తింటాయి. ఇంకో చిక్కు ఉంది. మన చర్మంలో బేసల్ సెల్ మిట్ట చాలాసార్లు రంగు నింపుకుని నల్లగా ఉంటుంది, పుట్టుమచ్చే పెరిగిందనుకుంటారు. పుట్టుమచ్చ పక్కు కట్టి ఊడి మళ్ళీ కట్టదు. నల్లమిట్ట అట్లా చేస్తుంటే, అంచు ముత్యాల్లా మెరుస్తుంటే అనుమానించాలి.

ఎండ దెబ్బ ఒక్కటే క్యాన్సర్ కాదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. 2015లో బ్రిటన్ శాస్త్రవేత్తలు నలుగురి కనురెప్పల మామూలు చర్మాన్ని 234 చిన్న ముక్కలుగా చేసి డీఎన్ఏ చదివారు. ఏ జబ్బూ లేని ఆ చర్మంలో నాలుగో వంతుకు పైగా కణాల్లో క్యాన్సర్‌కు దారితీసే మార్పులున్నాయి, ముఖ్యంగా ఇందాక చెప్పిన నాచ్‌లో. అయినా అది క్యాన్సర్ కాలేదు. మామూలు పుట్టుమచ్చల్లో ఎక్కువ భాగంలో బ్రాఫ్ అనే క్యాన్సర్ జన్యు మార్పు ఉంటుంది, అవి కొంచెం పెరిగి ఆగిపోతాయి. అంటే మార్పు పడడం ఒక ఎత్తు, ఆ కణాన్ని దాని వరుసలో నిలిపే ఇరుగుపొరుగు పట్టు సడలడం ఇంకో ఎత్తు.

ఆ రెండో ఎత్తును 1940లలో ఎలుకల మీద చూపించారు. తారులో ఉండే క్యాన్సర్ కారకాన్ని చర్మానికి కొద్దిగా పూసి వదిలేస్తే గడ్డ రాలేదు. తర్వాత నేపాళం నూనె వారాల తరబడి పూస్తే గడ్డలు లేచాయి. నేపాళం ఒక్కటే పూస్తే దాదాపు ఏమీ లేదు. నేపాళం డీఎన్ఏను చెడగొట్టదు, మంట పుట్టిస్తుంది, కణాలను ఆగకుండా విభజన చేయిస్తుంది. అందుకే ఒక మాట గట్టిగా చెబుతున్నాను: మిట్ట మీద సున్నం, బట్టల సోడా కలిపి పెట్టడం, జీడిరసంతో కాల్చడం, గోటితో గిల్లడం మానేయండి. పైన పక్కు కడుతుంది, తగ్గినట్టు కనబడుతుంది, కింద దాని వేళ్ళు పాకుతాయి. తర్వాత సర్జన్‌కు అంచు ఎక్కడుందో తెలియదు.

అమ్మగారి మచ్చ సంగతి ఇక్కడికే వస్తుంది. దెబ్బ తగిలినప్పుడు వెంట్రుక కుదురు మూలకణాలు పైకి పాకి చర్మాన్ని పూడుస్తాయి. ఆ కొద్ది రోజులు ఒకే కణంలో కుదురు గుర్తు సాక్స్9, చర్మం గుర్తు కెఎల్‌ఎఫ్5 రెండూ కలిసి ఉంటాయి. ఇది రెండిళ్ళ కాపురం లాంటిది, మామూలుగా కలిసి ఉండనివి. పుండు మానగానే ఏదో ఒకటి తగ్గిపోయి కణం ఒక ఇంటికి కుదురుకుంటుంది. 2017లో ఫుక్స్ బృందమే చూపించిందేమంటే, స్క్వామస్ సెల్ కార్సినోమాలో (ఇది ఇంకో రకం చర్మ క్యాన్సర్, మార్జోలిన్ పుండు ఎక్కువగా ఈ రకమే) ఆ కలగాపులగం ఆరదు, శాశ్వతమైపోతుంది. ఇప్పుడు ఊహించండి. కాలిన మచ్చలో రక్తనాళాలు తక్కువ, వెంట్రుక కుదుళ్ళు లేవు, చర్మం పలచన. మోకాలి వెనుకో మడమ దగ్గరో ఉంటే నడిచినప్పుడల్లా చీలుతుంది, మానుతుంది, మళ్ళీ చీలుతుంది. ముప్పై ఏళ్ళు కణాలను ‘పూడ్చు, పూడ్చు’ అని తరుముతూనే ఉంటుంది. కుష్ఠు వల్ల స్పర్శ పోయిన పాదాల పుళ్ళలో, ఏళ్ళ తరబడి చీము కారే ఎముక పుళ్ళలో ఇదే జరుగుతుంది. నడుము దగ్గర చీర లంగా నాడా, పంచె ముడి ఒరిసి ఒరిసి నల్లబడి పొట్టు రాలే చోట కూడా అరుదుగా ఇట్లాంటి పుండు పడుతుంది. నాడా బదులు వెడల్పాటి పట్టీ కట్టుకోవడం, ముడి చోటు మారుస్తుండడం దానికి చాలు.

నీళ్ళలో ఫ్లోరైడ్ వల్లనా అని కూడా అనుమానం రావచ్చు, మన జిల్లాలో అది సహజం. ఫ్లోరైడ్ పళ్ళను, ఎముకలను చెడగొడుతుంది. నీళ్ళ ద్వారా చర్మ క్యాన్సర్‌తో ముడిపడింది ఆర్సెనిక్.

ముక్క తీయడంలో తప్పులు ఎక్కువ జరుగుతాయి కాబట్టి వివరంగా చెబుతాను. పుండు నడిమధ్య నుంచి తీస్తే కుళ్ళు, చీము కణాలే వస్తాయి. ‘క్యాన్సర్ లేదు’ అని రిపోర్టు వస్తుంది, ఇంకో ఆరు నెలలు పోతాయి. లేచిన అంచు నుంచి, కొంచెం మంచి చర్మం కలిసేలా, అడుగున కొవ్వు కనబడేంత లోతుగా తీయాలి. పెద్ద పుండైతే రెండు మూడు చోట్ల తీయాలి. గుండ్రటి పంచ్‌తో తీస్తే 4 మిల్లీమీటర్లది మామూలుగా సరిపోతుంది. ముక్కను 10 శాతం ఫార్మలిన్‌లో, ముక్కకు కనీసం పది రెట్ల ద్రవంలో వేయాలి. సెలైన్‌లో వేసి బస్సులో పంపితే దారిలోనే కణాలు చెడిపోతాయి. మొదటి రిపోర్టు శుభ్రంగా వచ్చినా పుండు మానకపోతే మళ్ళీ తీయించాలి. రిపోర్టు కంటే పుండును నమ్మండి.

రిపోర్టులో ‘డిఫరెన్షియేటెడ్’ అనే మాట కోసం చూడండి. కణానికి తన పాత పని ఎంత గుర్తుందో కొలిచే మాట అది. వెల్ డిఫరెన్షియేటెడ్ అంటే ఇంకా కెరాటిన్ తయారుచేస్తోంది, చర్మకణమని పోల్చుకోవచ్చు. పూర్లీ డిఫరెన్షియేటెడ్ అంటే చాలావరకు మరిచింది. దూకుడు ఎక్కువ, పాకే అవకాశం ఎక్కువ. పూర్తిగా మరిచి సన్నగా సాగిపోయిన కణాలను కంటితో గుర్తుపట్టలేరు. అప్పుడు ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అనే రంగు పరీక్ష చేస్తారు. పి63, కెరాటిన్ 5/6 రంగు పడితే చర్మకణం నుంచి వచ్చింది. సాక్స్10, ఎస్100 పడితే రంగు కణం నుంచి వచ్చింది, అంటే మెలనోమా. బేసల్ సెల్‌కూ స్క్వామస్‌కూ తేడా తేలకపోతే బెర్-ఈపీ4 వాడతారు, మొదటిదానికి రంగు పడుతుంది. స్క్వామస్‌లో మందం 6 మిల్లీమీటర్లు దాటినా, వెడల్పు 2 సెంటీమీటర్లు దాటినా, నరం చుట్టూ పాకినా ఎక్కువ ప్రమాదం కింద లెక్క.

ఆపరేషన్‌లో చిన్న, అంచు తెలిసే బేసల్ సెల్‌కు చుట్టూ 4 మిల్లీమీటర్ల మంచి చర్మం కలిపి తీస్తారు. తక్కువ ప్రమాదం ఉన్న స్క్వామస్‌కు 4 నుంచి 6, ఎక్కువ ప్రమాదం ఉంటే ఇంకా వెడల్పుగా. నాయనగారిది ముక్కు పక్కన కాబట్టి ఒక మాట అడగండి: అంచుల రిపోర్టు శుభ్రంగా వచ్చాకే ఫ్లాప్ (పక్క చర్మాన్ని జరిపి కప్పడం) వేసి మూస్తారా అని. అంచులో మిగిలి ఉండగా పైన ఫ్లాప్ కప్పితే అది చర్మం కింద కనబడకుండా పెరుగుతుంది. ముక్కు మడత దగ్గర తిరిగి రావడానికి ఇదో కారణం. ఆపరేషన్ తట్టుకోలేని వయసైతే రేడియేషన్ ఉంది. కోయలేనంత ముదిరితే విస్మోడెగిబ్ మాత్ర ఉంది, స్మూదెన్డ్‌ను ఆపుతుంది, అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది. మిట్ట కరుగుతుంది, కానీ మందు ఆపితే తిరిగి రావచ్చు. ఎందుకో 2018లో ఎలుకల్లో తేలింది: మిగిలిన కణాలు మందు దెబ్బకు ఇంకోసారి గుర్తింపు మార్చుకుని దాక్కుంటున్నాయి. వేషం మార్చడం నేర్చిన కణం ఒక వేషంతో ఆగదు. కోసి తీయగలిగినంత కాలం కోయించుకోవడమే మేలని అందుకే అంటున్నాను.

మెలనోమా మన చర్మంలో తక్కువే, కానీ వచ్చేది ఎండ తగలని చోట: అరికాలు, అరచేయి, గోరు కింద. చెప్పుల్లేకుండా నడిచేవాళ్ళు దాన్ని ముల్లు దిగిన మచ్చ అనుకుంటారు. గోరు మొదలు నుంచి కొస దాకా కొత్తగా నల్లగీత పడి వెడల్పవుతుంటే, అరికాల్లో నల్లమచ్చ పెరుగుతుంటే ఆనెకాయలా కోయించకుండా నేరుగా చూపించండి.

కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ, సర్జరీ, ప్యాథాలజీ మూడూ ఉన్నాయి, ముక్క పరీక్షకు ఊరు దాటాల్సిన పని లేదు. ఆపరేషన్‌కు వైద్యసేవ కార్డు వర్తిస్తుందో లేదో ఆసుపత్రి హెల్ప్‌డెస్క్‌లో చేరకముందే అడగండి. తిరుపతి స్విమ్స్‌కో బెంగళూరు కిద్వాయ్‌కో హైదరాబాద్ ఎంఎన్‌జేకో వెళ్ళాల్సి వస్తే రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకుపోవద్దు. ఇక్కడి ప్యాథాలజీలో స్లైడ్లు, పారాఫిన్ బ్లాకు రాసిచ్చి అడిగి తీసుకోండి. మైనం దిమ్మలో నిలవ ఉన్న ఆ ముక్క నుంచే ఇందాక చెప్పిన రంగు పరీక్షలన్నీ చేయొచ్చు, మళ్ళీ కోత అక్కర్లేదు. అయితే ఎండాకాలం బస్సు కిటికీ దగ్గర పెట్టకండి, మైనం కరుగుతుంది.